ప్రశ్నలు – జవాబులు: పంకా పెద్దదైతే విమానం ఎక్కువ లాగుతుందా?

ఒడిశాలోని జయపురం నుంచి వచ్చిన ఒక ఉత్తరాన్ని పోయిన సంచికలో రెండు మాటల్లో ప్రస్తావించి, వివరమైన జవాబు తరువాత ఇస్తానని చెప్పాను. అది చదివి మరో ముగ్గురు పాఠకులు అదే విషయం మీద రాశారు. అందువల్ల ఈ నెల శీర్షిక మొత్తాన్నీ విమానపు ప్రొపెల్లర్‌కే, అంటే మనవాళ్ల మాటలో పంకాకే, కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి జయపురంలో స్థిరపడ్డారు. మాది రైసు మిల్లు. మా తమ్ముడి కొడుకు అమెరికాలోని టెక్సస్‌లో ఉంటూ, రెండు సీట్ల చిన్న విమానాన్ని ఏడేళ్లు కష్టపడి తన షెడ్డులోనే కట్టుకున్నాడు. దానికి మాజ్దా కారులోని, పిస్టన్లు లేని 13బి రోటరీ ఇంజను పెట్టాడు. ఇంజనుకూ పంకాకూ మధ్య 2.17కి 1 నిష్పత్తి ఉన్న (ఇంజను 2.17 చుట్లు తిరిగితే పంకా ఒక చుట్టు తిరిగే) గేరు పెట్టె ఉంది. ఇన్నాళ్లూ 68 అంగుళాల వ్యాసం, 72 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) ఉన్న కొయ్య పంకాతో ఎగిరేవాడు. ఈమధ్య స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి 74 అంగుళాల వ్యాసం, 78 అంగుళాల పిచ్ ఉన్న పంకా బిగించాడు. తోక కట్టేసి పూర్తి థ్రాటిల్ ఇస్తే పాతదానితో నిమిషానికి 5,400 చుట్లు తిరిగే ఇంజను ఇప్పుడు 4,400 దగ్గరే ఆగిపోతోందట. అయినా బ్రేకు వదలగానే విమానం ఉరుకుతోందనీ, లాగుడు పెరిగిందనీ అతను గట్టిగా అంటున్నాడు. స్నేహితులేమో గేరు పెట్టెను 2.85కి 1 రకానికి మార్చమంటున్నారట. మా మిల్లులో ఊక బ్లోయరుకు పుల్లీ మార్చకుండా పెద్ద చక్రం వేయించినప్పుడు మోటారు కాగిపోయి ట్రిప్ అయింది. ఇది కూడా అలాంటిదేనా? విమానం వెనక చిన్న చక్రం ఉన్న రకం. తోక ఎత్తి మట్టంగా నిలబెడితే పాత పంకా కొసకూ నేలకూ మధ్య 11 అంగుళాలు ఉండేదట. సంక్రాంతికి మేము వెళ్లినప్పుడు నన్ను ఎక్కించుకుంటానంటున్నాడు కాబట్టి కూడా అడుగుతున్నాను.
— ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: మీ బ్లోయరు అనుభవంలోనే సగం జవాబు ఉంది. గాలిని తోసే చక్రం మిల్లులో ఊకను ఎగజిమ్మేదైనా, విమానపు ముక్కున తిరిగేదైనా ఒకే లెక్కకు కట్టుబడి ఉంటుంది. ఆకారం అలాగే ఉంచి వ్యాసం పెంచి, పాత వేగంతోనే తిప్పాలంటే కావలసిన శక్తి వ్యాసానికి అయిదో ఘాతంగా పెరుగుతుంది. 68 నుంచి 74కు పెంచడమంటే నూటికి తొమ్మిది వంతుల లోపే అయినా, అయిదో ఘాతంలోకి వెళ్లేసరికి అది 1.53 రెట్లు అవుతుంది. మీ మోటారు కరెంటుది కాబట్టి తన వేగం వదులుకోకుండా లైనులోంచి ఎక్కువ కరెంటు లాగింది, కాగింది, ట్రిప్ అయింది. పెట్రోలు ఇంజనుకు అలా అప్పు తెచ్చుకునే చోటు లేదు. అది ఇవ్వగల మెలితిప్పు బలానికి, మెకానిక్కులు టార్క్ అనేదానికి, ఒక హద్దు ఉంది; ఆ హద్దు చేరగానే వేగం తగ్గించుకుని అక్కడే నిలబడుతుంది. టార్క్ మారలేదనుకుని లెక్క వేస్తే 5,400 చుట్లు తిరిగే ఇంజను పెద్ద పంకాతో 4,370 దగ్గర ఆగాలి. మీవాడు చూసింది 4,400. కాబట్టి ఇంజనులో లోపం వెతకనక్కరలేదు.

ఇక లాగుడు సంగతి. చాలామంది తడబడేది ఇక్కడే. ఇంజను ఇచ్చే టార్క్ అంతే ఉండి, గేరు కూడా అదే అయితే, విమానం నిలబడి ఉన్నప్పుడు పంకా లాగుడు వ్యాసం పెరిగిన నిష్పత్తిలోనే తగ్గుతుంది. కర్ర పొడుగైనకొద్దీ అదే మెలితిప్పుకు కొస దగ్గర తోపు తగ్గినట్టే ఇదీ. మీవాడి లెక్కలో అది నూటికి ఎనిమిది వంతుల తగ్గుదల. పెద్ద పంకా పెట్టి, పూర్తి థ్రాటిల్ ఇచ్చి, పాతదాని కంటే తక్కువ లాగుడుతో అతను నేల విడుస్తున్నాడన్న మాట. దీన్ని అతనికి ఫోనులో చెప్పినప్పుడు నమ్మకపోవచ్చు, ఎందుకంటే అతని ఒంటికి తెలిసింది వేరు. ఆ అనుభవానికీ కారణం ఉంది. థ్రాటిల్ పూర్తిగా ఇవ్వకుండా, ఇంజను పాత, కొత్త పంకాలతో ఒకే వేగాన తిరుగుతున్నప్పుడు పెద్ద పంకా 1.40 రెట్లు లాగుతుంది. ఖాళీ వేగంలోనే (ఐడ్లింగ్‌లోనే) విమానం ముందుకు జరగాలని చూస్తుంది, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి, వదలగానే ఉరుకుతుంది. ఆ మొదటి పది గజాల ఉరుకే అతనికి గుర్తుండిపోయింది. అక్కడి నుంచి నేల విడిచేదాకా ఇంజను 4,400 దగ్గర మూలుగుతూ ఉండడం వల్ల పోగొట్టుకున్నది ఒంటికి తెలియదు. దానికి గడియారం, కాటా కావాలి.

స్నేహితులు చెప్పిన గేరు మార్పు సరైనదే. మీరు మిల్లులో పుల్లీ మార్చి ఉంటే ఏమయ్యేదో ఇక్కడా అదే జరుగుతుంది. 2.17కు బదులు 2.85 గేరు పెడితే పంకా ఇరుసు మీదికి చేరే టార్క్ 1.31 రెట్లు అవుతుంది. అప్పుడు ఆ 74 అంగుళాల పంకానే నేల మీద నిమిషానికి సుమారు 2,300 చుట్లు తిరుగుతుంది; ఇంజను 6,600 దాకా ఎక్కుతుంది. రోటరీ ఇంజనుకు టార్క్ పై వేగాల్లో కూడా పెద్దగా పడిపోదు కాబట్టి, 5,400 దగ్గర ఇచ్చే శక్తి కంటే 6,600 దగ్గర ఇచ్చేది నూటికి ఇరవై వంతులకు పైగా ఎక్కువ. లాగుడు కూడా పాత పంకాతో పోలిస్తే నూటికి ఇరవై వంతులు పెరగాలి.

ఆ ఇరవైలో పంకాకు ఎంత దక్కుతుందో విడదీసి చూడమని మీవాడికి నా మనవి. ఇంజను శక్తి మారకుండా వ్యాసం మాత్రం 68 నుంచి 74కు పెరిగితే, ఎక్కువ గాలిని నెమ్మదిగా తోయడం వల్ల వచ్చే లాభం నూటికి ఆరు వంతులకు మించదు. మిగిలిన పధ్నాలుగూ ఇంజను తనకు నచ్చిన వేగానికి ఎక్కగలగడం వల్ల వచ్చినవే, అంటే గేరు ఇచ్చినవే. పెద్ద పంకా చేసే మేలు ఆ గేరుకు చోటు ఇవ్వడం. 68 అంగుళాల పంకాను 2.85 గేరుతో తిప్పి ఉంటే పీల్చుకునే బలం చాలక ఇంజను హద్దు మీరి పరుగెత్తేది. అందుకే పంకా, గేరు, ఇంజను ఈ మూడింటినీ ఒకే జతగా చూడాలి. ఒకదాన్ని మార్చి మిగతావాటిని వదిలేస్తే మీ బ్లోయరు కథే మళ్లీ మొదలవుతుంది.

గేరు మార్చాక పిచ్ కూడా మారాలి. పిచ్ అంటే, మర మేకు (స్క్రూ) ఒక చుట్టుకు ఎంత దిగుతుందో అలా, జారుడు లేకపోతే పంకా ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం. పాత పంకా 72 అంగుళాల పిచ్‌తో, ఇంజను 6,000 దగ్గర ఉన్నప్పుడు, గంటకు సుమారు 303 కిలోమీటర్ల దూరం కొలుస్తుంది. అదే వేగాన్ని 2.85 గేరుతో 78 పిచ్ పంకా కొలవాలంటే ఇంజను దాదాపు 7,300 తిరగాలి, ఇది కొన్ని ఏళ్ల 13బి ఇంజన్లకు మీటరు మీద హద్దు చూపే ఎర్రగీత దాటిన వేగం. పిచ్ 88కి పెంచితే 6,450 చాలు. అయితే పిచ్ పెరిగినకొద్దీ నేల మీద ఇంజను అంత పైకి ఎక్కదు, ఆ ఇరవై వంతుల లాభంలో కొంత తరుగుతుంది. పైకెక్కడంలో లాభం, సూటిగా పోవడంలో లాభం రెండూ పిచ్ మారని ఒక్క స్థిర పంకాలో పూర్తిగా దొరకవు. మీవాడు ఏది కావాలో తేల్చుకుని పంకా చేసేవారికి చెప్పాలి.

రెక్క కొస వేగం గురించి కూడా చెప్పాలి. 74 అంగుళాల పంకాను పాత గేరుతోనే ఉంచి, గాలిలో ఇంజను 6,000 దాకా ఎక్కితే, కొస సెకనుకు 272 మీటర్ల వేగంతో తిరుగుతుంది. దానికి విమానపు ముందు వేగం తోడైతే 280 దాటుతుంది. ధ్వని వేగం 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర 340 మీటర్లు, పైకి వెళ్లి చలి పెరిగినకొద్దీ ఇంకా తక్కువ. కొయ్య పంకా కొసలు లోహపు వాటికంటే మందంగా ఉంటాయి కాబట్టి ఆ వేగాల్లో శబ్దం పెరిగి, శక్తి వృథా కావడం ముందే మొదలవుతుంది. 2.85 గేరుతో ఇంజను 7,000 తిరిగినా కొస వేగం 242 మాత్రమే. ఈ ఒక్క కారణం చాలు, పెద్ద పంకాను పాత గేరుతో వాడవద్దని చెప్పడానికి.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన అంకె మాత్రం మీరు చివర్లో రాసిన 11 అంగుళాలు. వ్యాసం ఆరు పెరిగితే కింద మూడు తగ్గుతుంది, ఇప్పుడు మిగిలింది ఎనిమిది. వెనక చక్రం రకపు విమానాలకు, మట్టంగా ఉన్న స్థితిలో, పంకా కొస కింద కనీసం 9 అంగుళాలు ఉండాలన్నది అమెరికా ధృవీకరణ నిబంధనల్లో 2017 దాకా చాలాకాలం ఉన్న కొలత. ముక్కు కింద చక్రం ఉన్నవాటికి అది 7. ఇంట్లో కట్టుకున్న విమానానికి ఆ నిబంధన చట్టంగా వర్తించదు. కానీ గుంతలో చక్రం పడ్డప్పుడు, తోక కాస్త ఎక్కువ లేచినప్పుడు, టైరులో గాలి తగ్గినప్పుడు కొస నేలను తాకుతుందా లేదా అన్నది చట్టాన్ని అడిగి జరగదు. నా అభిప్రాయంలో అతను 74 మీద ఆశ వదులుకుని 72 అంగుళాల పంకా చేయించుకోవాలి. 9 అంగుళాలు మిగులుతాయి, లాభంలో పోయేది స్వల్పం. అరువు తెచ్చిన పంకా కొసలు తనే కోసి 72 చేయాలని మాత్రం చూడకూడదు. రెండు రెక్కల బరువూ ఆకారమూ తప్పిపోతాయి, పైగా అది వేరొకరి సొత్తు.

పరీక్ష ఎలా చేయాలన్నది మిగిలింది. ముందుగా పాత పంకా, పాత గేరు తిరిగి బిగించి కొలతలు తీయాలి. ఇప్పటిదాకా అతని దగ్గర ఉన్నవి జ్ఞాపకాలే. గాలి లేని ఉదయాన, అదే బరువు, అదే పెట్రోలు మట్టంతో, ఎత్తు చూపే ఆల్టిమీటరును 1,013 మిల్లీబార్ల మీద పెట్టి, 2,000 అడుగుల నుంచి 5,000 అడుగుల వరకు ఒకే వేగంతో ఎక్కడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోవాలి. ఒకసారి ఒక దిక్కుకు, మరోసారి దానికి ఎదురు దిక్కుకు ఎక్కాలి. పై గాలి మారడం వల్ల వచ్చే తేడా అలా సరిపోతుంది. ఇలా కనీసం మూడు జతలు. సూటి ప్రయాణపు వేగానికి, ఒకే ఎత్తున జీపీఎస్‌తో మూడు వేర్వేరు దిక్కులకు ఎగిరి గాలిని లెక్కలోంచి తీసేయాలి. ఆ తరువాతే కొత్త జత బిగించి, అవే కొలతలు అవే పరిస్థితుల్లో తీయాలి. వేసవి మధ్యాహ్నం తీసిన కొలతను చలికాలపు పొద్దున తీసినదానితో పోల్చి సంతోషపడడం కంటే అసలు కొలవకపోవడం మంచిది, ఎందుకంటే 10 డిగ్రీల గాలి 35 డిగ్రీల గాలి కంటే నూటికి తొమ్మిది వంతులు చిక్కన, ఆ తేడా ఒక్కటే అతను వెతుకుతున్న లాభంలో సగాన్ని దాచేయగలదు, లేదా లేని లాభాన్ని చూపగలదు.

కొత్త పంకా బిగించాక మొదటి ఎగురుడు తరువాత, మళ్లీ పది గంటలకు, ఆపైన కాలం మారినప్పుడల్లా బోల్టుల బిగువు టార్క్ రెంచితో చూడాలి. వానాకాలంలో మన ఇళ్ల తలుపులు ఉబ్బి బిగుసుకుని, ఎండాకాలంలో వదులవుతాయి కదా, పంకా నడిమి కొయ్య కూడా అంతే. రెండు రెక్కల కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో నేలలో ఒక కర్ర పాతి, చేత్తో తిప్పి చూడాలి. కొయ్య పంకాకు మూడు మిల్లీమీటర్లకు మించిన తేడా ఉండకూడదు.

మీ సంక్రాంతి ప్రయాణం గురించి. ఇలాంటి పెద్ద మార్పు చేసిన విమానం మళ్లీ పరీక్ష దశలోకి వెళుతుందని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఇచ్చే నిర్వహణ షరతుల్లో ఉంటుంది. ఆ సంస్థ స్థానిక కార్యాలయానికి తెలియజేసి, నిర్ణయించిన ప్రాంతంలో కనీసం అయిదు గంటలు ఎగిరి, ఫలితాన్ని లాగ్‌బుక్కులో రాయాలి. ఆ గంటల్లో అవసరమైన సిబ్బంది తప్ప మరెవరూ ఎక్కకూడదు. కట్టిన మొదట్లో, ధృవీకరణ లేని ఇంజను కాబట్టి అతను 40 గంటలు ఎగిరి ఉంటాడు, అతనికి ఈ పద్ధతి కొత్త కాదు. ఆ అయిదు గంటలు నిండిన తరువాత, నేను చెప్పిన కొలతల పుస్తకం మీ చేతికి ఇచ్చిన తరువాత, మీరు నిశ్చింతగా ఎక్కండి.

ప్రశ్న: లేతు మీద ముప్పయి ఏళ్లు పనిచేసి రిటైరయినవాణ్ణి. కారు ఇంజనును గంటల తరబడి 6,500 చుట్లు తిప్పడం అంటే నాకు మనసొప్పడం లేదు. రోటరీ అయితే మాత్రం అరగకుండా ఉంటుందా? పెద్ద పంకా బరువు గేరు పళ్లమీద పడదా?
— ఒక పాఠకుడు, సునాబెడా

జవాబు: మీ అనుమానం సహజం. మామూలు ఇంజనులో ఆ వేగం అంటే పిస్టను నిమిషానికి పదమూడు వేల సార్లు ఆగి, దిక్కు మార్చుకోవడం. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీలో 1957లో మొదటిసారి తిరిగిన ఈ రకపు ఇంజనులో అటూ ఇటూ పోయే పిస్టను లేదు, వాల్వులు లేవు. మూడు మూలల రోటరు ఒక గదిలో తిరుగుతుంది. బయటికి శక్తినిచ్చే ఇరుసు మూడు చుట్లు తిరిగితే రోటరు ఒక్క చుట్టు తిరుగుతుంది. మీటరు మీద 6,600 కనిపిస్తున్నప్పుడు రోటరు 2,200 మాత్రమే తిరుగుతోంది. అందుకే ఈ ఇంజను పై వేగాల్లో ఇబ్బంది పడదు.

అరుగుదల ఉండేది రోటరు మూలల్లో ఉండే సీళ్ల దగ్గర. మాజ్దా కంపెనీ 1967లో కాస్మో స్పోర్ట్ కారు తెచ్చేముందు ఆ సీళ్లు అదిరి గది లోపలి గోడ మీద అడ్డగీతలు పడేవి. అక్కడి ఇంజనీర్లు వాటిని దయ్యం గోళ్ల గీతలు అని పిలుచుకున్నారు. ఆ చిక్కు ఆనాడే తీరింది. ఇప్పటికీ ఆ సీళ్లను విరగ్గొట్టేది పేలుడు తప్పి ఢక్ మని కొట్టడం, మన మెకానిక్కులు నాకింగ్ అంటారు. పూర్తి థ్రాటిల్‌లో తక్కువ వేగాన ఇంజనును మూలిగించడం ఆ ప్రమాదాన్ని దగ్గర చేస్తుంది. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కే లారీని టాప్ గేరులోనే లాగించే డ్రైవరును మీరు చూసే ఉంటారు. జయపురం పాఠకుడి తమ్ముడి కొడుకు 4,400 దగ్గర చేస్తున్నది అదే. ఈ ఇంజను విషయంలో 6,500 కంటే 4,400 గురించి నేను ఎక్కువ ఆలోచిస్తాను. వేడి కూడా మరవకూడదు. దీని వేడిలో పెద్ద వాటా ఆయిల్‌లోకి పోతుంది, పొగ గొట్టం దగ్గర 900 డిగ్రీలు దాటడం మామూలు. శక్తి పెరిగితే రేడియేటరుతో పాటు ఆయిల్ కూలరు కూడా దానికి తగ్గట్టు ఉందో లేదో చూడాలి.

గేరు గురించి మీరు అడిగింది లోతైన ప్రశ్న. బరువు కంటే గమనించాల్సింది జడత్వం, అంటే తిరిగే వస్తువు తన వేగం మార్చుకోవడానికి చూపే మొరాయింపు. అది కూడా వ్యాసానికి అయిదో ఘాతమే, ఇక్కడా 1.53 రెట్లు. రెండు రోటర్ల ఇంజను ఒక చుట్టుకు రెండు తోపులు ఇస్తుంది. ఒక పక్క తోపులతో అదిరే ఇంజను, మరో పక్క కదలనని కూర్చున్న పంకా, మధ్యలో గేరు పళ్లు నలుగుతాయి. తక్కువ వేగాల్లో ఎక్కడో ఒకచోట ఆ రెండూ శ్రుతి కలిసి గేరు పెట్టె గలగలమంటుంది. పంకా మారితే ఆ వేగం కూడా మారుతుంది. కొత్త పంకా బిగించిన రోజే ఖాళీ వేగం నుంచి మెల్లగా పెంచుతూ ఆ గలగల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెవితో పట్టుకుని, ఖాళీ వేగాన్ని దానికి పైన పెట్టాలి. ముప్పయి ఏళ్లు లేతు శబ్దం విన్న మీబోటివారికి ఇది వివరించనక్కరలేదు.

ప్రశ్న: మేము పాలిటెక్నిక్ ఆఖరి ఏడాది విద్యార్థులం. ప్రాజెక్టుగా పాత మారుతి 800 ఇంజనుతో పంకా లాగుడు కొలిచే స్టాండు కట్టాలనుకుంటున్నాం. పంకాను మా ఊరి వడ్రంగి చేసిపెడతానన్నారు. కాటా ఎలా అమర్చాలి? తరువాత దాన్ని ఎగిరే బండిగా మార్చవచ్చా?
— విద్యార్థులు, రాయగడ

జవాబు: ప్రాజెక్టు మంచిదే, కానీ వడ్రంగి పంకా వద్దు. ఆయన పనితనం మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. ఒక లెక్క మీరే వేసి చూడండి. నడిమి నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఒక కిలో కొయ్య ఉందనుకోండి. నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంటే ఆ కిలో కొయ్య బయటికి పీకే బలం సుమారు 2,800 కిలోల బరువుతో సమానం. దుంగలో కంటికి కనబడని ఒక ముడి, నార అడ్డంగా పోయిన ఒక చోటు చాలు, అది ఊడి రావడానికి. విమాన పంకాలను పలుచని పలకలు జిగురుతో అంటించి చేయడం అందుకే. తెలిసిన తయారీదారు దగ్గర, మీ ఇంజను శక్తికి సరిపడేది, వాడిందైనా పరీక్షించినదాన్ని తెచ్చుకోండి. మరో విషయం, మారుతి ఇంజనుకు కూడా గేరో బెల్టు తగ్గింపో లేకపోతే జయపురం ఉత్తరంలోని చిక్కే మీకూ వస్తుంది.

కాటా కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. చింతపండు, అల్లం బస్తాలు తూచడానికి మీ మార్కెట్లో వేలాడదీసే ఎలక్ట్రానిక్ కాటా సరిపోతుంది. ఇంజనును చక్రాల బండి మీద బిగించి, ఆ బండిని రెండు ఇనుప పట్టాల మీద నిలిపి, వెనక నుంచి గొలుసుతో కాటాకు, కాటాను భూమిలో కాంక్రీటు వేసి పాతిన కొక్కేనికి కట్టండి. గొలుసు నేలకు సమాంతరంగా, పంకా ఇరుసుకు సూటిగా ఉండాలి, వంకర ఉంటే తూకం తప్పుతుంది. ఇంజను పెట్టకముందే ఒక కప్పీ మీదుగా తూకం తెలిసిన బియ్యం బస్తా వేలాడదీసి, కాటా ఎంత చూపుతుందో రాసుకోండి. పట్టాల ఒరిపిడి ఎంత తింటోందో అప్పుడే తెలుస్తుంది. కాటా అంకె నిలవకుండా ఎగిరిపడుతుంది. ఒకరు ఫోనుతో వీడియో తీస్తే, తరువాత నెమ్మదిగా చూసి సగటు వేసుకోవచ్చు.

పంకా వెనక గోడ ఉంటే గాలి తిరిగి వచ్చి కొలత చెడగొడుతుంది, నాలుగైదు వ్యాసాల దూరం ఖాళీ ఉంచండి. నేల మీద గులకరాళ్లు ఒక్కటీ మిగలకుండా ఊడ్చాలి. పంకా తిరిగే తలానికి పక్కన, అంటే రెక్క ఊడితే ఎగిరే దిక్కున, ఎవరూ నిలబడకూడదు. చుట్టూ బలమైన ఇనుప వల ఉండాలి. ఇంజను ఆగి ఉన్నా సరే, బ్యాటరీ తీగ తీయకుండా రెక్క మీద చేయి వేయవద్దు. ఇక్కడ నేను మాట మెత్తగా చెప్పదలచుకోలేదు, మీ అధ్యాపకుల్లో ఒకరు దగ్గర లేకుండా ఒక్కసారి కూడా స్టార్టు చేయకండి.

మీకు ఒక చక్కని ప్రయోగం చెబుతాను. ఇదే స్టాండును రాయగడలో తూచి, తరువాత దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న సునాబెడాకు తీసుకువెళ్లి, అంతే ఎండలో మళ్లీ తూచండి. లాగుడు నూటికి ఎనిమిది వంతుల దాకా తగ్గుతుంది, ఇంజను చుట్లు మాత్రం దాదాపు మారవు. పలుచని గాలిలో ఇంజను బలం ఎంత తగ్గుతుందో, పంకాను తిప్పడానికి కావలసిన బలం కూడా అంతే తగ్గడం దీనికి కారణం. చుట్లు సరిపోయాయి కాబట్టి అంతా బాగానే ఉందని కొండ మీద రన్‌వే నుంచి బయల్దేరేవారు మోసపోయేది ఈ చోటనే.

ఎగిరే బండిగా మార్చడం ఈ ప్రాజెక్టులో లేని మాట. మన దేశంలో సొంతంగా కట్టిన విమానానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర నమోదు, ఎగరడానికి అనుమతి రెండూ కావాలి. ముంబయిలో ఇంటి మేడ మీద విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ ఎన్నో ఏళ్లు తిరిగాక 2017లో ఆ నమోదు సాధించారు. మీరు ముందు స్టాండు కట్టండి.

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లో కూడా రోటరీ ఇంజన్లే ఉండేవని మా పిల్లలకు పాఠం చెబుతూ చదివాను. అదీ ఇదీ ఒకటేనా?
— ఒక ఉపాధ్యాయిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: పేరు ఒకటే, పని వేరు. ఫ్రాన్సుకు చెందిన సెగాన్ సోదరుల నోమ్ ఇంజనులో ఇరుసు విమానానికి కదలకుండా బిగించి ఉంటుంది, దాని చుట్టూ సిలిండర్లన్నీ పంకాతో సహా గిరగిరా తిరుగుతాయి. తిరుగుతూ తమకు తామే గాలి తగిలి చల్లబడతాయి. 1909 నాటికి ఏడు సిలిండర్ల, 50 హార్స్‌పవర్ నోమ్ విమానాల మీదికి వచ్చింది. వాటిలో వాడిన కందెన మనకు బాగా తెలిసిన ఆముదం. పెట్రోలులో అది సులభంగా కరగదు కాబట్టి ఎంచుకున్నారు. వాడిన ఆముదమంతా పొగతో పాటు బయటికి చిమ్మి పైలట్ల ముఖాల మీద పడేది. క్యాస్ట్రాల్ అన్న పేరు ఆముదానికి ఉన్న ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందేనని పిల్లలకు చెప్పండి, గుర్తుంచుకుంటారు.

ఈ నెల విషయానికి సంబంధించిన సంగతి కూడా అందులో ఒకటి ఉంది. ఆ ఇంజనూ పంకా కలిసే తిరిగేవి కాబట్టి రెండింటికీ ఒకే వేగం, నిమిషానికి సుమారు 1,200 చుట్లు. గేరు అవసరం లేకుండానే ఎనిమిదడుగులు దాటిన పంకాలను అవి తిప్పాయి. ఎనిమిదిన్నర అడుగుల పంకా నిమిషానికి 1,250 చుట్లు తిరిగితే కొస వేగం సెకనుకు 170 మీటర్లే అవుతుంది. టెక్సస్‌లోని 68 అంగుళాల పాత పంకా కొస, ఇంజను 6,000 దగ్గర ఉన్నప్పుడు, సెకనుకు 250 మీటర్ల వేగంతో తిరుగుతుంది.